రక్తం మాత్ర డబ్బాలో ఉంటే ఒంట్లో రక్తం పడదు

(ఆలూరులో యువతతో, చుట్టుపక్కల తండాల నుంచి వచ్చిన అక్కచెల్లెళ్ళతో మాట్లాడిన మాటలకు రాత రూపం)



ఇంత ఎండలో పనులు వదులుకుని వచ్చినారు, ఎక్కువసేపు కూర్చోబెట్టను. పొద్దున ఒక తమ్ముడు అడిగినాడు, "ఏమక్కా, భూమి గురించి, పట్టాల గురించి, ఉపాధి కూలి బకాయిల గురించి మాట్లాడాల గానీ, మాత్రల గురించి కూడా సభేనా?" అని. అడగాల్సిన మాటే. కాకపోతే కూలి బకాయి కోసం కర్నూలు కలెక్టరాఫీసు మెట్లు ఎక్కాలన్నా ఆయాసం రాకుండా ఎక్కాల కదప్పా. మన తండాల్లో ఆడవాళ్ళు బిందె నెత్తిన పెట్టుకుని నాలుగడుగులు వేసి ఆగుతాండారు. "వయసు అయిపోయింది" అంటారు. వయసు ఎంతా అంటే ఇరవై ఆరు!

2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉంది. అయిదేళ్ళ లోపు పిల్లల్లో 63.2 శాతం. అంతకుముందు సర్వేలో ఆడవాళ్ళ లెక్క 60 శాతం. అంటే నాలుగైదేళ్ళలో దాదాపు ఏమీ కదల్లేదు. ఇనుము మాత్రలు పంచే జాతీయ కార్యక్రమం మన దేశంలో మొదలైంది 1970లో. మా అమ్మ పెళ్ళి కాకముందు నుంచీ ప్రభుత్వం ఈ మాత్రలు పంచుతానే ఉంది. అయినా ఇట్లెందుకుంది?

పేదరికం, సరైన తిండి లేకపోవడం, వరసగా కాన్పులు, కడుపులో నులిపురుగులు, ఇవన్నీ ఉన్నాయి. వాటి గురించి మనం కొట్లాడతానే ఉండాల. ఈ రోజు నేను మాట్లాడేది వేరే ఒక చిన్న సందు గురించి. అంగన్‌వాడీ చేతిలో నుంచి మన చేతికొచ్చిన మాత్రకీ, మన ఒంటికి పట్టే ఇనుముకీ మధ్య ఉండే సందు. అదే సర్వేలో దేశం మొత్తం మీద గర్భిణీగా ఉన్నప్పుడు 180 రోజులు మాత్రలు మింగినామని చెప్పిన తల్లులు 26 శాతం మాత్రమే. మిగతా మాత్రలు ఎక్కడ పోయినాయో మీకు తెలుసు. గూట్లో, బియ్యం డబ్బా వెనక, కొన్నిసార్లు పేడకుప్పలో.

ఆడవాళ్ళు తెలివి లేక పారేస్తాండారు అని ఆఫీసర్లు అంటారు. నేను ఒప్పుకోను. మింగితే కడుపులో తిప్పింది, మలం నల్లగా వచ్చింది, భయపడి అడిగితే "మింగమ్మా, ఏం కాదులే" అని కసురుకున్నారు. అట్లాంటప్పుడు పారేయక ఏం చేస్తారు? చెప్పాల్సినవాళ్ళు సరిగ్గా చెప్పలేదు. ఆ చెప్పేదేదో మనం మన మాటల్లో చెప్పుకుందాం.

ముందు ఒక మాట. కళ్ళు తిరిగినంత మాత్రాన, నీరసం వచ్చినంత మాత్రాన రక్తం తక్కువని మనంతట మనమే తేల్చుకోకూడదు. పరీక్ష చేయించాల. హిమోగ్లోబిన్ పరీక్ష ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉచితం. ఏఎన్ఎం దగ్గర కూడా వేలి చివర సూదితో గుచ్చి చూసే మిషన్ ఉంటుంది. మామూలు ఆడవాళ్ళకు 12 కంటే తక్కువ, గర్భిణీలకు 11 కంటే తక్కువ, మగవాళ్ళకు 13 కంటే తక్కువ ఉంటే రక్తహీనత అంటారు. గర్భిణీకి 7 కంటే తక్కువ, మామూలు ఆడమనిషికి 8 కంటే తక్కువ ఉంటే అది ఇంట్లో మాత్రలతో సర్దుకునే పని కాదు, ఆస్పత్రికి పోవాల్సిందే. అవసరాన్ని బట్టి నరానికి ఇనుము ఎక్కిస్తారు, లేదా రక్తం ఎక్కిస్తారు. మీ అంకె ఎంతో అడిగి కార్డు మీద రాయించుకోండి. "తక్కువుంది" అంటే చాలదు, ఎంత అని అడగండి. అది మీ ఒంటి లెక్క.

ఇంకో గుర్తు చెప్తాను, దీని గురించి మన ఇండ్లలో బాగా నవ్వుకుంటారు. పచ్చి బియ్యం నమలడం, బలపాలు తినడం, మట్టిగోడ గీకి తినడం. కోడలు దొంగతనంగా బియ్యం తింటాంది అని అత్తలు తిడతారు. చాలాసార్లు అది ఒంట్లో ఇనుము అయిపోయిందని చెప్పే గుర్తు. తిట్టకుండా పరీక్షకు తీసుకుపోండి అత్తమ్మా.

ఇక మాత్ర. ప్రభుత్వం ఇచ్చే ఎర్ర మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటాయి. 2018లో అనీమియా ముక్త్ భారత్ అని పేరు పెట్టినప్పటి నుంచి ఈ లెక్కే. బడిపిల్లలకు ఇచ్చే నీలం మాత్రలో కూడా అంతే ఉంటుంది, వారానికి ఒకటి. అయిదు నుంచి తొమ్మిదేళ్ళ పిల్లలకు గులాబీ రంగు చిన్న మాత్ర, అందులో 45 మిల్లీగ్రాములు. ఇంకా చిన్నవాళ్ళకు సిరప్, వారానికి రెండుసార్లు ఒక్కో మిల్లీలీటరు. గర్భిణీకి నాలుగో నెల నుంచి రోజుకొకటి, 180 రోజులు, కాన్పయినాక మళ్ళీ 180 రోజులు. ఇదంతా రక్తం తగ్గకుండా ముందుగా ఇచ్చే లెక్క. పరీక్షలో తక్కువ వస్తే లెక్క మారుతుంది. పెద్దవాళ్ళకు మామూలుగా రోజుకు రెండు మాత్రలు, మూడు నెలలు. ఆ మార్పు డాక్టరో ఏఎన్ఎమ్మో చెప్పాల, మనం ఊహించుకుని చేసేది కాదు.

మందుల షాపులో కొనేవాళ్ళు ఒకటి గమనించాల. డబ్బా మీద 200 అనో 300 అనో పెద్ద అంకె ఉంటుంది. అది ఉప్పు బరువు. అందులో అసలు ఇనుము ఎంత అన్నది వేరే. ఫెర్రస్ సల్ఫేట్ 200 మిల్లీగ్రాముల మాత్రలో అసలు ఇనుము సుమారు 65. కొన్ని కంపెనీల మాత్రల్లో అసలు ఇనుమే 100 ఉంటుంది. కాబట్టి ప్రభుత్వ మాత్ర ఒకటి, షాపు మాత్ర ఒకటి, "బలానికి" అని ఇంకెవరో రాసిచ్చిన టానిక్ ఒకటి, మూడూ కలిపి మింగొద్దు. అన్నీ ఒక సంచిలో వేసుకుని పోయి డాక్టరు ముందు పెట్టండి, ఏది ఉంచాలో ఆయనే చెప్తాడు.

ఎప్పుడు మింగాల? పరగడుపున మింగితే ఇనుము బాగా పడుతుంది. కానీ చాలామందికి కడుపులో తిప్పుతుంది, వాంతి వస్తుంది. వాంతి అయితే ఎంత బాగా పట్టే మాత్రయినా ఏం లాభం? అందుకే భోజనం తర్వాత మింగమంటారు. నా సలహా అడిగితే, రాత్రి తిన్న గంటా రెండు గంటలకు, పడుకోబోయే ముందు. తిప్పుడు వచ్చినా నిద్రలో తెలియదు. అప్పటికీ పడకపోతే మానేయొద్దు, మాత్ర మార్చమని అడగండి.

ఇంక మన అసలు శత్రువు టీ. పొద్దున లేచి టీ, చేనులో పది గంటలకు టీ, మధ్యాన్నం టీ, ఇంటికొచ్చి టీ. ఆలూరు బస్టాండు దగ్గర ఉగ్గాని బజ్జీ తిన్నా చివర టీ తాగకపోతే తిన్నట్టు ఉండదు. టీలోని వగరు పదార్థం ఇనుమును పట్టుకుని పేగుల్లో పీల్చుకోనీయదు. కాఫీ కూడా అంతే, పాలు కూడా అడ్డమే. టీతో మాత్ర మింగితే సగం పైన నీళ్ళలో పోసినట్టు. టీ మానమని చెప్పను, చెప్పినా మీరు వినరు. మాత్రకు ముందు ఒక గంట, తర్వాత రెండు గంటలు టీ ముట్టకుండా ఉంటే చాలు. రాత్రి పడుకునే ముందు అని నేను అనడానికి ఇదీ ఒక కారణం. అప్పుడు టీ అంగడి మూసేసి ఉంటుంది.

గర్భిణీలకు క్యాల్షియం మాత్ర కూడా ఇస్తారు. రెండూ కలిపి ఒకే గుటకలో మింగేవాళ్ళను చాలామందిని చూసినాను. పనైపోతుంది అని. క్యాల్షియం ఇనుమును అడ్డుకుంటుంది. కనీసం రెండు గంటల ఎడం ఉండాల. క్యాల్షియం పగటి భోజనంతో, ఇనుము రాత్రి. గ్యాస్ మందులు, థైరాయిడ్ మాత్ర, కొన్ని యాంటీబయాటిక్‌లతో కూడా ఇనుము పొసగదు. థైరాయిడ్ మాత్రకు, దీనికి నాలుగు గంటలైనా దూరం కావాల.

సాయం చేసేవి కూడా ఉన్నాయి. పులుపు. నిమ్మకాయ నీళ్ళు, ఉసిరికాయ, జామకాయ. వీటిలోని సి విటమిన్ ఇనుమును పట్టిస్తుంది. మన జొన్నరొట్టె, కొర్రన్నం మంచి తిండే, కానీ వాటి ఇనుము అంత సులభంగా ఒంటికి పట్టదు. పక్కన నిమ్మకాయ పిండిన ఆకుకూర పప్పు ఉంటే కొంచెం మెరుగు. అప్పుడప్పుడు మాంసమో చేపో దొరికితే ఇంకా మెరుగు. బెల్లం, చెనిక్కాయ ఉండలతో రక్తం పడుతుందని నమ్మకం బాగా ఉంది. తినండి, బలమే. అయితే రక్తం ఇప్పటికే తగ్గినవాళ్ళకు బెల్లం ఉండతో భర్తీ కాదు, మాత్ర మింగాల్సిందే. బలవర్ధక బియ్యంలో కూడా ఇనుము కలుపుతారు, కిలోకు 28 నుంచి 42.5 మిల్లీగ్రాములు. అది కూడా మాత్రకు బదులు కాదు.

గ్లూకోజ్ బాటిల్ గురించి కూడా చెప్పాల. ఊర్లో చిన్న డాక్టర్ దగ్గరికి పోయి "నీరసంగా ఉంది, ఒక బాటిల్ ఎక్కించు" అంటే అయిదారు వందలు తీసుకుని ఎక్కిస్తాడు. అందులో నీళ్ళు, చక్కెర, ఉప్పు ఉంటాయి. పచ్చగా కనపడితే బి విటమిన్ కలిపినట్టు. ఇనుము ఉండదు. రెండు రోజుల కూలి ఇచ్చి చక్కెర నీళ్ళు కొనుక్కుంటాండాము.

మలం నల్లగా వస్తుంది అనే భయానికి వస్తా. ఇనుము మాత్ర మింగితే నల్లగా రావడం మామూలు. పట్టని ఇనుము అట్లా బయటకు పోతుంది. భయం లేదు. మలబద్ధకం రావచ్చు, నోరు ఇనుము నాకినట్టు ఉండొచ్చు. నీళ్ళు బాగా తాగాల. ఒక నెలలో చాలామందికి అలవాటైపోతుంది.

కానీ ఇక్కడ ఒక తేడా చాలా జాగ్రత్తగా వినండి. మనోళ్ళు మిరపకాయలు కోసి, రాళ్ళు మోసి, రాత్రికి ఒళ్ళునొప్పుల మాత్ర ఒకటి వేసుకుంటారు. కొందరు రోజూ వేసుకుంటారు. ఆ నొప్పి మాత్రలు కడుపులో పుండు చేసి లోపల రక్తం కారేట్టు చేయగలవు. అప్పుడు కూడా మలం నల్లగానే వస్తుంది. అది తారులాగా జిగటగా, విపరీతమైన వాసనతో ఉంటుంది. దాంతోపాటు కడుపునొప్పి, కళ్ళు తిరగడం, వాంతిలో రక్తం ఉంటే ఆలస్యం చేయకుండా ఆదోనికో కర్నూలు పెద్దాసుపత్రికో పోవాల. "ఇనుము మాత్ర వల్లే లే" అని సర్దుకోవద్దు. మగవాళ్ళకు రక్తం తగ్గితే నాకు మొదట అనుమానం ఇదే. మగవాళ్ళు ఊరికే మాత్రలు మింగి సరిపెట్టుకోకూడదు. మొలలా, కడుపులో పుండా, రక్తం ఎక్కడ పోతాందో వెతికించాల. ముట్లు ఆగిపోయిన పెద్ద ఆడవాళ్ళకూ ఇదే మాట.

"బిడ్డ నల్లగా పుడతాడు", "బిడ్డ పెద్దదై కాన్పు కష్టమవుతుంది", "మాత్ర వేడి చేస్తుంది". ఈ మూడూ ప్రతి తండాలో విన్నాను. మాత్ర రంగుకు, బిడ్డ రంగుకు సంబంధం లేదు. మరీ చెప్పాలంటే, నల్లగా పుడితే మాత్రం ఏమప్పా? మనం నల్లగా లేమా? కాన్పులో ఆడమనిషి ప్రాణం పోయేది చాలాసార్లు రక్తం పోయి. ముందే రక్తం తక్కువున్న మనిషికి కొంచెం పోయినా తట్టుకోలేదు. అత్తలకు, అవ్వలకు ఈ మాట చెప్పగలిగేది ఇంట్లో ఉండే మగపిల్లలే. చెల్లెలు చెప్తే నోర్మూసుకో అంటారు.

ఒక రోజు మర్చిపోతే మరుసటి రోజు రెండింతలు మింగొద్దు. మన ఒంట్లో హెప్సిడిన్ అనే ఒక పదార్థం ఉంటుంది, పేగుల దగ్గర కాపలావాడనుకోండి. ఒకేసారి ఎక్కువ ఇనుము వస్తే అది తలుపు మూసేస్తుంది, ఒక రోజు దాకా సరిగ్గా తెరవదు. ఎక్కువ మింగితే ఎక్కువ పడుతుంది అనేది అబద్ధం, కడుపునొప్పి మాత్రం ఎక్కువ పడుతుంది. 2017లో స్విట్జర్లాండ్‌లో జూరిక్ పరిశోధకులు ఇనుము నిల్వలు తగ్గిన ఆడవాళ్ళ మీద చూస్తే, రోజు విడిచి రోజు మింగినవాళ్ళకు ఒక్కో మాత్ర నుంచి ఎక్కువ ఇనుము పట్టింది. రోజూ పడనివాళ్ళు ఈ సంగతి డాక్టరును అడగొచ్చు. గర్భిణీలు మాత్రం తమంతట తాము రోజు విడిచి రోజుకు మారొద్దు, వాళ్ళకు సమయం తక్కువ.

మాత్రలు మొదలుపెట్టిన నెలకు మళ్ళీ పరీక్ష. కనీసం ఒక గ్రాము పెరగాల. 8 ఉంటే 9 కావాల. పెరగకపోతే మూడు కారణాలు ఉండొచ్చు. సరిగ్గా మింగలేదు, లేదా రక్తం ఎక్కడో పోతాంది, లేదా అసలు జబ్బు ఇనుము లోపం కాదు. ఫిబ్రవరిలో, ఆగస్టులో ఇచ్చే నులిపురుగుల మాత్ర పిల్లలకు తప్పకుండా వేయించండి. ఆ పురుగులు లోపల రక్తం తాగుతాంటే పైనుంచి ఎంత పోసినా నిలవదు. అంకె మామూలుకు వచ్చినాక కూడా ఇంకో మూడు నెలలు సాగించమని డాక్టర్లు చెప్తారు. రక్తం నిండింది గానీ గాదె నిండలేదు కదా.

మూడో కారణం దగ్గర ఆదివాసీలుగా మనం ఇంకొంచెం ఆగాల. సికిల్ సెల్ అనే రక్తం జబ్బు తల్లిదండ్రుల నుంచి వస్తుంది. మన దేశంలో దాన్ని మొదట గుర్తించింది 1952లో, నీలగిరి కొండల ఆదివాసీల్లో. తలసేమియా కూడా ఇట్లాంటిదే. ఈ జబ్బుల్లో కూడా హిమోగ్లోబిన్ తక్కువే ఉంటుంది, కానీ ఇనుము తక్కువ కాకపోవచ్చు. మాటిమాటికి రక్తం ఎక్కించుకునేవాళ్ళకైతే ఇనుము ఎక్కువై గుండెలో, కాలేయంలో పేరుకుంటుంది. అట్లాంటి మనిషికి ఇనుము మాత్రలు ఇస్తే కీడు. 2023 జూలై 1న కేంద్రం సికిల్ సెల్ నిర్మూలన మిషన్ మొదలుపెట్టింది. ఆదివాసీ ప్రాంతాల్లో 40 ఏళ్ళ లోపు 7 కోట్ల మందికి పరీక్షలు చేయాలని లక్ష్యం. ఆలూరు షెడ్యూల్డ్ ప్రాంతం కాదు. కర్నూలు జిల్లాలో షెడ్యూల్డ్ ప్రాంతమే లేదు. మైదానంలో చెల్లాచెదురుగా ఉన్న సుగాలీలు, ఎరుకలు, యానాదులు ఏజెన్సీ లెక్కల్లోకి రాకుండా జారిపోతారు. అందుకని మనమే అడగాల. ఇంట్లో ఎవరికైనా సికిల్ సెల్, తలసేమియా ఉన్నా, చిన్నప్పటి నుంచి కీళ్ళనొప్పులు, కామెర్లు మాటిమాటికి వస్తాన్నా, మూడు నెలలు సరిగ్గా మింగినా అంకె కదలకపోయినా ఆ పరీక్ష చేయమని అడగండి. జబ్బు మోసే లక్షణం మాత్రమే ఉన్నవాళ్ళకు ఇనుము లోపం కూడా రావచ్చు. వాళ్ళు డాక్టరు చెప్తే మింగొచ్చు.

ఇప్పుడు సుగ్గి. పంట చేతికి రాని ఏడాది మన ఊర్లు సగం ఖాళీ అయి గుంటూరు మిరప చేలకు పోతాయి. గర్భిణీలు కూడా పోతారు, పోక ఏం చేస్తారు. అక్కడికి పోయినాక మాత్రలు ఆగిపోతాయి. కార్డు ఇక్కడ పెట్టెలో ఉంటుంది, అక్కడ ఏఎన్ఎంకు వీళ్ళు ఎవరో తెలియదు. పోయే ముందే అడిగి రెండు మూడు నెలలకు సరిపడా మాత్రలు తీసుకోండి. తల్లీబిడ్డల కార్డు దేశంలో ఎక్కడైనా చెల్లుతుంది, దాన్ని గుడిసెలో పెట్టి పోవద్దు. అక్కడి అంగన్‌వాడీలో చూపించండి. ఇవ్వము అంటే మన వాట్సాప్ గ్రూపులో పెట్టండి, అక్కడ మాట్లాడేవాళ్ళను వెతుకుదాం. ప్రతి తండాలో ఇద్దరు యువకులు ఈ పని తీసుకోవాల. ఎవరు పోతాండారు, వాళ్ళలో గర్భిణీలు, బాలింతలు ఎందరు, మాత్రలు తీసుకున్నారా లేదా. ఒక నోట్‌బుక్కు చాలు.

మాత్రలు ఎక్కువ ఇవ్వమని అడుగుతాండాం కాబట్టి, వాటిని ఎక్కడ పెట్టాల్నో చెప్పకుండా నేను కూర్చోను. ఎర్ర మాత్ర మీద చక్కెర పూత ఉంటుంది. పసిబిడ్డకు అది అంగట్లో రంగు చాక్లెట్టే. చిన్నపిల్లలకు ఇనుము విషం. బరువులో కిలోకు 20 మిల్లీగ్రాములు దాటితే విషలక్షణాలు మొదలుకావచ్చు, 60 దాటితే ప్రాణం మీదికి వస్తుంది. పది కిలోల బిడ్డకు లెక్క వేయండి. నాలుగు మాత్రలకే మొదటి గీత దాటుతుంది. పది మాత్రలతో రెండో గీత దగ్గరికి వస్తుంది. మనం మూడు నెలలకు ఇంటికి తెచ్చేది వంద.

మింగిన కొన్ని గంటల్లో వాంతులు, విరేచనాలు, ఒక్కోసారి రక్తంతో. తర్వాత బిడ్డ తేరుకున్నట్టు కనిపిస్తుంది, ఆడుకుంటుంది కూడా. అక్కడే తల్లిదండ్రులు మోసపోతారు, తగ్గిపోయిందని ఇంటికి తెచ్చుకుంటారు. ఒక రోజు లోపల మళ్ళీ తిరగబెట్టి, కాలేయం దెబ్బతిని, రక్తపోటు పడిపోయి ప్రాణం పోవచ్చు. కాబట్టి మింగిందని అనుమానం ఉన్నా చాలు, లక్షణాల కోసం చూడొద్దు. ఉప్పునీళ్ళు తాగించి కక్కించొద్దు. 108కి ఫోన్ చేయండి, ఖాళీ అట్ట చేతిలో పట్టుకుని పోండి, ఎన్ని మాత్రలు తగ్గినాయో లెక్క చెప్పండి. దీనికి డెస్‌ఫెర్రియాక్సమిన్ అనే విరుగుడు మందు ఉంది, పెద్దాసుపత్రి స్థాయిలో ఇస్తారు. గంటలు ముఖ్యం.

మిద్దె ఇంట్లో అయితే తాళం పెట్టె. గుంటూరు చేలల్లో పట్ట గుడిసెలకు తాళాలు ఎక్కడివి? మూత బిగుతుగా ఉండే స్టీలు డబ్బాలో వేసి, గుడ్డలో మూట కట్టి, గుడిసె నిట్టాడికి పిల్లల చెయ్యి అందనంత ఎత్తులో వేలాడదీయండి. కింద సంచిలో, దిండు కింద వద్దు. పిల్లల ముందు "చాక్లెట్ మింగుతాండా" అని ఆటలాడొద్దు. రోజు మాత్ర రోజే తీసి, మళ్ళీ కట్టి పెట్టండి.

నేను చెప్పాల్సింది ఇంతే. ఇప్పుడు మీ ప్రశ్నలు అడగండి. గర్భిణీలు, బాలింతలు ముందు రండి, మీ కార్డుల్లో అంకె రాసి ఉందో లేదో ఒకసారి చూద్దాం.